పిల్లి లిట్టర్, కుక్క పూప్ సముద్రం దాకా పోకుండా ఏం చెయ్యాలి

పిల్లి లిట్టర్‌ని, అంటే ఇంట్లో పిల్లి పెంటకి పోవడానికి బాక్స్‌లో పరిచే పొడిని, టాయిలెట్‌లో వేసి ఫ్లష్ కొట్టకండి. ఈ ఒక్క ముక్క చదివి వెళ్లిపోయినా నాకు అభ్యంతరం లేదు, సగం పని అయిపోయినట్టే. మిగతా సగం ఎందుకు, ఎలా అన్నది. నేనుండేది కాలిఫోర్నియాలో, కాబట్టి ఇక్కడి లెక్కలోనే చెప్తాను. పైగా ఇంట్లో జంతువు పెంటకీ సముద్రంలో చచ్చిపోయే జంతువుకీ ఉన్న లంకెని బాగా తవ్వి చూసింది కూడా ఇక్కడే. విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్ల కోసం కింద విడిగా రాశాను.

అన్నిటికీ సూత్రం ఒకటే: పెంట నీళ్లలో కలవకూడదు. పొడిగా ఉండగానే మూటగట్టి చెత్తడబ్బాలో వెయ్యాలి, అంతే. ఏ పద్ధతి మీద అనుమానం వచ్చినా "ఇది ఎక్కడో ఒకచోట నీళ్లలో కలుస్తుందా" అని అడుక్కోండి, జవాబు దొరికిపోతుంది.

పిల్లికీ సీ ఆటర్‌కీ ఏంటి సంబంధం

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లలో, దక్షిణాన తీరం మీదున్న మాంటెరే ఊరికి వెళ్లనివాళ్లు తక్కువ. అక్కడ కెల్ప్ నాచు మధ్య వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద రాయి పెట్టుకుని గుల్లల్ని దాని మీద టకటకా కొట్టుకుని తినే సీ ఆటర్‌ని చూసే ఉంటారు. మన నీటికుక్కకి చుట్టం. బొచ్చు కోసం వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. పూర్తిగా పోయిందనుకున్నాక 1938లో బిగ్ సర్ దగ్గర ఒక చిన్న గుంపు కనబడింది. ఇప్పుడు కాలిఫోర్నియా తీరంలో ఉన్న సుమారు 3,000 ఆ గుంపు సంతానమే. 1977 నుంచి ఫెడరల్ చట్టం కింద రక్షణ ఉంది. రక్షణ ఉన్నా వీటి సంఖ్య అనుకున్నంతగా పెరగడం లేదు, చచ్చిపోయి ఒడ్డుకి కొట్టుకొచ్చినవాటిని కోసి చూస్తే చాలావాటి మెదడులోనో గుండెలోనో టాక్సోప్లాస్మా గోండీ అనే పరాన్నజీవి దొరికింది.

ఈ పరాన్నజీవి ఎలుకకీ, కోడికీ, మేకకీ, మనిషికీ, దేనికైనా పట్టగలదు. కానీ దాని ఊసిస్ట్‌లు, అంటే గుడ్ల లాంటివి, తయారయ్యేది పిల్లి జాతి పేగుల్లో మాత్రమే. ఇంటి పిల్లి, అడవిలో బాబ్‌క్యాట్, మౌంటెన్ లయన్, ఏదైనా సరే. ఎలుకనో పిట్టనో తిన్న పిల్లికి మొదటిసారి ఇది సోకినప్పుడు, ఓ వారం రెండు వారాల పాటు లక్షల కొద్దీ ఊసిస్ట్‌లు పెంటలో పడతాయి. ఆ తర్వాత సాధారణంగా ఆగిపోతుంది. ఒక్కోటీ మిల్లీమీటరులో నూరో వంతు ఉంటుంది, కంటికి ఆనదు. మొండితనం మాత్రం మామూలుగా ఉండదు. తడి మట్టిలో ఏడాది దాటి బతుకుతుంది, ల్యాబ్‌లో చల్లటి సముద్రపు నీళ్లలో పెడితే రెండేళ్ల దాకా బతికింది, క్లోరిన్‌ని లెక్కచెయ్యదు. మురుగునీటి శుద్ధి కేంద్రాలు ప్రధానంగా బ్యాక్టీరియాని చంపడానికి కట్టినవి, వాటిని నమ్ముకుని ఫ్లష్ కొట్టడం కుదరదని చెప్పేది ఇందుకే.

ఇక అది సముద్రం చేరాక జరిగేది చూడండి. ఊసిస్ట్‌లు కెల్ప్ ఆకుల మీద ఉండే జిగురుకి అంటుకుంటాయి. ఆ ఆకుల మీద పాకుతూ గీక్కుతినే నత్తల్లోకి పోతాయి. నత్తల్ని ఆటర్ తింటుంది. దీనికి సీల్‌కీ తిమింగలానికీ ఉన్నట్టు ఒంట్లో కొవ్వు పొర ఉండదు, చలికి తట్టుకోవడానికి రోజూ తన బరువులో పావు వంతు తినాల్సిందే, అందుకని అబలోని లాంటి పెద్ద గుల్లలు దొరకనిచోట చిన్న నత్తల మీదే బతుకుతుంది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో అబలోని తినే ఆటర్లలో ఈ జబ్బు తక్కువగా, నత్తలు తినేవాటిలో బాగా ఎక్కువగా కనబడింది. అంతకుముందు 2002లోనే, మంచినీటి కాలువలు ఎక్కువగా వచ్చి కలిసే తీరంలో ఉండే ఆటర్లకి ఇది సోకే అవకాశం దాదాపు మూడు రెట్లని తేల్చారు. 2019లో యూసీ డేవిస్ యూనివర్సిటీ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, ఈ జబ్బుతో చచ్చిపోయిన ఆటర్లలోని పరాన్నజీవి రకాన్నీ, ఆ పక్క కొండల్లోంచి పారే నీళ్ల దారిలో ఉన్న ఊరపిల్లులూ బాబ్‌క్యాట్‌లలోని రకాన్నీ జన్యుపరంగా జతచేసి చూపించారు.

నన్ను బాగా కుదిపిన లెక్క ఇంకోటుంది. ఈ పరాన్నజీవి వల్ల మెదడు వాపు గట్టిగా వచ్చిన ఆటర్లు షార్కుల నోట పడే అవకాశం మిగతావాటికంటే దాదాపు నాలుగు రెట్లు. ఒళ్లు స్వాధీనంలో లేక ఫిట్స్ వస్తూ నీళ్ల మీద కొట్టుకుంటుంటే షార్కుకి ఇంకేం కావాలి.

ఆటర్లకే కాదు. హవాయిలో మాంక్ సీల్, న్యూజిలాండ్‌లో మావి డాల్ఫిన్ కూడా ఇదే జబ్బుతో పోతున్నాయి. మావి డాల్ఫిన్లు మిగిలిందే కొద్ది పదులు.

తప్పంతా ఇంటి పిల్లుల మీదే తోసెయ్యడం న్యాయం కాదు, అడవి పిల్లుల వాటా ఉంది, ఊరపిల్లుల వాటా ఉంది. అయితే కాలిఫోర్నియా తీరంలోని మొర్రో బే చుట్టుపక్కల మూడు ఊళ్లలో లెక్కేస్తే పిల్లులు ఆరుబయట వదిలే పెంట ఏడాదికి 100 టన్నులకు పైనే వచ్చింది, అందులో ఎక్కువ భాగం యజమానులున్న పిల్లులదే. బాబ్‌క్యాట్‌కి మనం చెప్పలేం కదా, మన పిల్లి సంగతి మనం చూసుకోవచ్చు.

లిట్టర్ బాక్స్ దగ్గర

రోజూ తియ్యండి. ఇది శుభ్రత కోసం చెప్పే మాట మాత్రమే కాదు, దీని వెనక లెక్క ఉంది. పెంటలో పడ్డ ఊసిస్ట్ వెంటనే అంటుకోదు, గాలి తగిలి ఒకటి నుంచి అయిదు రోజులు గడిస్తేగానీ జబ్బు చేసే స్థితికి రాదు. రోజూ తీసేస్తే అది ముదిరేలోపే మూటలో ఉంటుంది. వారానికోసారి బాక్స్ మొత్తం బోర్లించేవాళ్లు తమకి తెలియకుండా దానికి టైమ్ ఇస్తున్నారన్నమాట.

స్కూప్‌తో గడ్డని అంచు దగ్గర్నించి కింద పెట్టి లేపండి, పైనుంచి పొడిస్తే విరిగి ముక్కలు లిట్టర్‌లో కలిసిపోతాయి. నెమ్మదిగా ఆడించి లిట్టర్ జారనిచ్చి, గడ్డని కవర్లో వేసి ముడి వెయ్యండి. ఆ కవర్‌ని ఇంకో కవర్లో పెట్టి మళ్లీ ముడి. చెత్త లారీ ఎత్తి కుదిపినప్పుడు ఒక్క కవరైతే పగిలిపోతుంది, డబ్బా మూత తెరిచి ఉన్నప్పుడు వాన పడితే అక్కడినుంచి మళ్లీ రోడ్డు, కాలువ, మొదటికొస్తుంది కథ. కొత్త కవర్లు కొననక్కర్లేదు, బ్రెడ్ కవర్లూ, ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన కూరగాయల కవర్లూ చాలు. మామూలు చెత్త డబ్బాలోకి వెయ్యాలి, ఆకుపచ్చ కంపోస్ట్ డబ్బాలోకి కాదు. చాలా సిటీలు పెంపుడు జంతువుల పెంటని అందులో తీసుకోవు.

లిట్టర్ ప్యాకెట్ మీద "ఫ్లషబుల్" అని రాసి ఉంటుంది, మొక్కజొన్నతోనో గోధుమతోనో చేసినవాటి మీద ముఖ్యంగా. ఆ మాట పైపులు పూడిపోవని చెప్పడానికి, సముద్రానికి మంచిదని కాదు. అదే ప్యాకెట్ తిప్పి చూస్తే, కాలిఫోర్నియాలో అమ్మేదైతే, టాయిలెట్‌లో గానీ వీధి కాలువలో గానీ వెయ్యొద్దన్న సూచన చిన్న అక్షరాల్లో కనబడుతుంది. 2006లో అసెంబ్లీ బిల్లు 2485 అని ఒకటి పాసైంది, ఆ సూచన అచ్చెయ్యాలన్న నిబంధన దాంట్లోదే. ముందువైపు ఒకటి, వెనకవైపు ఇంకోటి. వెనకవైపుది నమ్మండి. మామూలు బెంటొనైట్ (బంకమట్టి) లిట్టర్ అయితే సముద్రం సంగతి తర్వాత, ముందు మీ ప్లంబర్‌కి పండగ.

బాక్స్ కడగడం దగ్గర చాలామంది దారి తప్పుతారు. బ్యాక్‌యార్డ్‌లోకి తీసుకెళ్లి హోస్ పెట్టి కొడతారు, ఆ నీళ్లు డ్రైవ్‌వే మీదుగా వీధిలోకి. అలా వద్దు. ముందు అడుగున అంటుకున్నదంతా పొడిగానే గీకి, పేపర్ టవల్‌తో తుడిచి చెత్తలో వేసేయండి. తర్వాత మరిగే నీళ్లు పోసి కాసేపు వదలండి, బ్లీచ్‌కి చావని ఊసిస్ట్ ఆ వేడికి చస్తుంది. ఆ నీళ్లు ఇంట్లోని డ్రెయిన్‌లోనే పొయ్యండి. గ్లవ్స్ వేసుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, ఇదంతా మీకు తెలిసిందే.

ఇంట్లో ఎవరికైనా నెల తప్పిందంటే పెద్దవాళ్ల మొదటి మాట "ఆ పిల్లిని ఎవరికైనా ఇచ్చెయ్యండి" అని. అంత టెన్షన్ అక్కర్లేదు. ఇంట్లోనే ఉండి, ప్యాకెట్ తిండి తినే పిల్లికి ఇది సోకే అవకాశం చాలా తక్కువ. గర్భిణి లిట్టర్ ముట్టకుండా ఇంకొకరు రోజూ తీస్తే చాలు. ఆ పని మొగుడికి అప్పజెప్పడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు కూడా.

పిల్లి బయట తిరిగేదైతే

నిజం చెప్పాలంటే లిట్టర్ బాక్స్ వాడే పిల్లి చిన్న సమస్య. బయట తిరిగి, ఎలుకల్ని పట్టి, పక్కింటి పూలమొక్కల్లో గుంట తవ్వి కప్పెట్టొచ్చే పిల్లి పెద్ద సమస్య, ఎందుకంటే దాని పెంట మీ చేతికి దొరకదు, తొలి వానకే కాలువకి దొరుకుతుంది. కాబట్టి ఇంట్లోనే ఉంచండి. కూనగా ఉన్నప్పటినుంచీ అలవాటు చేస్తే గొడవే లేదు. బయట తిరిగిన పిల్లిని లోపల పెట్టాలంటే కొన్నాళ్లు తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తుంది, జాలిపడి తియ్యకండి. కిటికీ దగ్గర ఎత్తైన అర, రోజూ కాసేపు తీగ ఆట, వీలైతే వరండాకి జాలీ కట్టి ఒక చిన్న గది లాంటిది. పచ్చి మాంసం పెట్టకండి, ఉడికించి పెట్టండి, పరాన్నజీవి అటునుంచీ వస్తుంది.

అపార్ట్‌మెంట్ వెనక ఊరపిల్లులకి రోజూ పాలన్నం పెట్టే అత్తయ్యగార్లు ప్రతి కాంప్లెక్స్‌లో ఉంటారు. మనసు మంచిదే, కాదనను. కానీ క్రీక్ (వాగు) గట్టున గిన్నె పెడితే పిల్లులన్నీ అక్కడే చేరి అక్కడే పెంట వేస్తాయి. గిన్నె పెట్టడంతో సరిపెట్టకుండా ఆపరేషన్ చేయించే స్థానిక షెల్టర్ వాళ్లకి ఫోన్ చేస్తే, రెండేళ్లలో ఆ గుంపు పెరగడం ఆగుతుంది.

గోంగూరా, బెండా వేసుకునే రైజ్డ్ బెడ్ పిల్లికి తయారుగా ఉన్న లిట్టర్ బాక్స్. మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు మట్టి మీద కోళ్లగూటి జాలీ పరిచేస్తే తవ్వదు. పిల్లల ఇసుక పెట్టెకి ఆట అయిపోగానే మూత వెయ్యండి.

మీ వీధి నీళ్లు ఎటు పోతాయో ఒకసారి చూసుకోండి

ఇంట్లో సింక్, టాయిలెట్ నీళ్లు శుద్ధి కేంద్రానికి పోతాయి. వీధి అంచున ఉండే స్టార్మ్ డ్రెయిన్ (వాన నీటి కాలువ) నీళ్లు, శాన్ ఫ్రాన్సిస్కో సిటీలో చాలా భాగం తప్పిస్తే, ఏ శుద్ధీ లేకుండా నేరుగా క్రీక్‌లోకి పోతాయి. శాన్ హోసేలో ఉంటే మీ వాన నీళ్లు శాన్ ఫ్రాన్సిస్కో బే లోకి. ఇంకొంచెం దక్షిణానికి మోర్గన్ హిల్ వెళ్తే తమాషా చూడండి, ఆ ఊరి ఉత్తర భాగంలో పడ్డ వాన కయోటీ క్రీక్ ద్వారా శాన్ ఫ్రాన్సిస్కో బే వైపు పోతుంది, దక్షిణ భాగంలోదీ గిల్‌రాయ్‌దీ పహారో నది పట్టుకుని మాంటెరే బే లో, అంటే ఆటర్లుండే నీళ్లలో కలుస్తుంది. అక్కడ కొత్తగా ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. సముద్రం గంట దూరంలో ఉందని ధీమాగా ఉండకండి.

ఇక్కడ ఎండాకాలమంతా చుక్క పడదు. అక్టోబరులోనో నవంబరులోనో వచ్చే తొలి వాన అన్ని నెలల మురికినీ ఒక్క ఊపులో కడిగి తీసుకెళ్తుంది. కాబట్టి వాన వస్తుందని ఫోన్ చెప్పగానే, బట్టలు లోపల పెట్టినట్టే, యార్డ్ ఓ చుట్టు తిరిగి ఎండిన పెంట ఎత్తేసి రండి. పెద్ద వాన తర్వాత మూడు రోజుల దాకా బీచ్‌లో దిగొద్దని కౌంటీ ఆరోగ్యశాఖలు చెప్పేదీ ఈ నీళ్ల గురించే. ఇంకోటి, యార్డ్ మొత్తం కాంక్రీట్ చేయించకండి. మొక్కలూ గడ్డీ ఉన్న నేల మీద నీళ్లు ఆగి ఇంకుతాయి, ఊసిస్ట్‌లు చాలావరకు అక్కడే చిక్కుకుంటాయి. సిమెంటు మీద ఆగేదేముంది.

కుక్కల సంగతి

కుక్క పెంటలో టాక్సోప్లాస్మా ఊసిస్ట్‌లు తయారుకావు. అంతమాత్రాన వదిలెయ్యమని కాదు. ఒక్కో గ్రాములో కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది, దాంతోపాటు నత్రజని, భాస్వరం. ఇవి చెరువుల్లోకీ కాలువల్లోకీ పోతే నాచు విపరీతంగా పెరుగుతుంది, కొన్ని నాచులు విషం చేస్తాయి. వాట్సన్‌విల్ దగ్గర పింటో లేక్‌లో అలాంటి నాచే తయారు చేసిన మైక్రోసిస్టిన్ విషం కాలువ వెంట సముద్రం చేరి కనీసం 21 ఆటర్లని చంపిందని 2010లో బయటపడింది. ఆ చెరువు పాడవడంలో పొలాల ఎరువుల వాటా పెద్దది, కుక్కలది చిన్నది. అయినా మన చేతిలో ఉన్నది మన కుక్కే.

ఇండియా నుంచి వచ్చిన మా మామయ్యగారు యార్డ్‌లో కుక్క పెంటని హోస్‌తో మొక్కల్లోకి తోసేస్తూ, "ఎరువే కదా, పేడ వెయ్యట్లేదా మనం" అన్నారు. "ఆవు గడ్డి తింటుంది మామయ్యగారూ, ఇది మాంసం తింటుంది, దీంట్లో నులిపురుగుల గుడ్లుంటాయి, అదే మడిలో మీరు కొత్తిమీర కోస్తారు" అంటే హోస్ అక్కడే కింద పెట్టేశారు. ఇంట్లో పెద్దవాళ్లకి సముద్రం గురించి చెప్పడం కంటే కొత్తిమీర గురించి చెప్తే పని త్వరగా అవుతుంది.

వాకింగ్‌కి వెళ్లేప్పుడు కవర్లు పట్టీకే కట్టి ఉంచండి, చెయ్యి లోపల పెట్టి ఎత్తి, తిరగేసి ముడి వేసి చెత్తలో వెయ్యండి. ముడి వేసిన కవర్‌ని ట్రెయిల్ పక్కన పెట్టి "వెనక్కొచ్చేప్పుడు తీసుకుంటాం" అనుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అసలు ఎత్తకపోయినా నయం, కనీసం ప్లాస్టిక్ ఉండదు. "బయోడిగ్రేడబుల్" కవర్ కాబట్టి ఫర్వాలేదనుకోవద్దు, ఆ మాట వాడుతున్న కుక్క కవర్ల కంపెనీలకి 2015లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హెచ్చరిక లేఖలు రాసింది, ఎందుకంటే చెత్తదిబ్బలో పూడ్చాక అది ఏడాదిలోపు పూర్తిగా కరగదు. కవర్ లేకుండా కుక్క పెంటని మాత్రం ఫ్లష్ చెయ్యొచ్చని చాలాచోట్ల చెప్తారు, సెప్టిక్ ట్యాంక్ ఉన్న ఇల్లయితే వద్దు. నా మటుకు చెత్తడబ్బానే సులువు.

చేపల తొట్టి ఉంటే ఆ నీళ్లు మొక్కలకి పొయ్యండి, నాచుని ఎండబెట్టి చెత్తలో వెయ్యండి, వీధి డ్రెయిన్‌లోకి మాత్రం వద్దు. 2000లో శాన్ డియేగో దగ్గర కార్ల్స్‌బాడ్‌లోని ఉప్పునీటి మడుగులో కాలెర్పా అనే అక్వేరియం నాచు పట్టుకుంటే, దాన్ని పూర్తిగా పోగొట్టడానికి 2006 దాకా పట్టింది, ఖర్చు సుమారు 70 లక్షల డాలర్లు.

మన తీరంలో

విశాఖలో గెడ్డలు (వాగులు) కొండల దగ్గర్నించి ఊరి మధ్యగా వచ్చి సముద్రంలో కలుస్తాయి, కాబట్టి దారి మరీ దగ్గర. అక్కడ పిల్లులు ఎక్కువగా వెళ్లేది ఇల్లు కట్టేచోట పోసిన ఇసుక కుప్ప మీదకి. పొద్దున చూస్తే పైపైన తవ్వి కప్పిన గుర్తులుంటాయి. ఆ కుప్ప మీద రాత్రిపూట టార్పాలిన్ కప్పి చుట్టూ ఇటుకలు పెట్టేస్తే మూడు లాభాలు, వానకి ఇసుకా కొట్టుకుపోదు, పెంటా పోదు, ఆడుకునే పిల్లలకీ మంచిది. ఇంటి పిల్లికి లిట్టర్ కొనక్కర్లేదు, వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో పొడి ఇసుక వేసి, రోజూ తీసి, పాత పేపర్లో చుట్టి కవర్లో పెట్టి చెత్త బండికి ఇచ్చేయండి. బండి వాళ్లకి విడిగా ఇచ్చి లోపల ఏముందో చెప్పండి, పాపం వాళ్లు చేత్తో విడదీస్తారు. వాకిలి కడిగేప్పుడు కూడా ముందు చీపురుతో ఎత్తి, ఆ తర్వాతే నీళ్లు.

బీచ్‌కి కుక్కని తీసుకెళ్లేవాళ్లకి ఇంకో మాట. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టే కాలం, కుక్కలు వాసన పట్టి తవ్వేస్తాయి. ఆ నెలల్లో పట్టీ విప్పొద్దు. ఇసుకలో పెంట కప్పెట్టి రావడం కూడా వద్దు, కెరటం వచ్చి తీసుకెళ్లేది దాన్నే.

ఆటర్ ఒడ్డున పడి కనిపిస్తే

వణుకుతూనో, తల వాల్చేసో, మనిషి దగ్గరికొచ్చినా కదలకుండానో ఉంటే ముట్టుకోకండి, నీళ్లలోకి తొయ్యకండి, కరిస్తే వేలు పోతుంది. ఎక్కడుందో ఫోన్‌లో లొకేషన్ పెట్టుకుని మాంటెరే బే అక్వేరియంకో మెరైన్ మామల్ సెంటర్‌కో ఫోన్ చెయ్యండి. కయాక్‌లో వెళ్లినప్పుడు బాగున్న ఆటర్‌కైనా 60 అడుగుల దూరం పాటించాలి.

కాలిఫోర్నియాలో ట్యాక్స్ కట్టేవాళ్లకి చివరగా ఒకటి. స్టేట్ రిటర్న్ 540 ఫారంలో స్వచ్ఛంద విరాళాల పేజీలో సీ ఆటర్ ఫండ్ అని ఒక వరస ఉంటుంది, పైన చెప్పిన 2006 చట్టంతోనే వచ్చింది. ఈ జబ్బు మీద పరిశోధనకి డబ్బు అందులోంచి వెళ్తుంది. ట్యాక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పేజీని అందరం నెక్స్ట్ నొక్కి దాటేస్తాం, ఈసారి అక్కడ అయిదో పదో డాలర్లు వెయ్యండి.